మహలు పరుపు

మామూలుగా మా దూదేకులవాళ్లలో దూది ఏకే విల్లు పట్టేది మగవాళ్లు. ఆడవాళ్లు చెత్త ఏరతారు, గింజ తీస్తారు, పరుపులు కుడతారు. నాయన తల్లి మా జేజి, ఆమె తర్వాత మా అమ్మ మాత్రం విల్లు కూడా పట్టారు. అందుకు కారణం కర్నూల్లో మా వీధి చివర ఉన్న మహలు.

మహలు అని మేము అనుకోవడమే గాని అది ఆరేడు గదుల పాత మిద్దె. నేలంతా బేతంచెర్ల బండలు, వాటి సందుల్లో చీమలు. వాకిలికి ఒకప్పుడు రెండు పెద్ద తలుపులుండేవట. నేను పుట్టేనాటికి ఒకటే మిగిలింది. రెండోదాని చోట గోనెపట్టా తెర వేలాడుతుండేది. ఆ ఇంట్లో పాత నవాబుల బంధువర్గానికి చెందిన ఒక పెద్దావిడ ఉండేది. ఆమె ఏ నవాబుకు ఏమవుతుందో మాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. రాజ్యం పోయింది మా జేజి కూడా పుట్టకముందు. సర్కారు ఇచ్చే చిన్న పింఛను మీద ఆమె, ఆమె దగ్గర పనిచేసే ఇంకో ముసలామె బతుకుతుండేవాళ్లు. వీధి వీధంతా ఆమెను బేగమమ్మ అని పిలిచేది.

బేగమమ్మకు ఘోషా. మగవాళ్లు తెర దాటి లోపలికి పోకూడదు. ఏటా చలి మొదలయ్యే ముందు ఆ ఇంట్లో పరుపులు విప్పి, గడ్డకట్టిన దూదిని మళ్లీ ఏకి, తిరిగి నింపాలి. ఆ పని మా నాయన వాళ్ల ఇంటిది. జేజి పోయాక లోపలికి వెళ్లి ఏకేవాళ్లు లేక, పెళ్లయిన కొత్తలోనే నాయన అమ్మకు విల్లు పట్టడం నేర్పించాడు. ఆ విల్లు అమ్మ కంటే పొడుగు. దాన్ని భుజాన వేసుకుని ఆమె వీధిలో నడుస్తుంటే పక్కన కొంగు పట్టుకుని నేను, వెనకాల సంచితో నాయన.

నాయన తెర బయట అరుగు మీద కూర్చునేవాడు. ఆయన పని వినడం. లోపల అమ్మ కొయ్యతో నారిని కొడుతుంటే టంయ్ టంయ్ మని మోత. అది కాస్త మందగించిందంటే బయటినుంచి కేక వినపడేది.

"ఏమే, నారి సడలింది సూడు!"

"నాకు తెలుసులేవయ్యా, నువ్వు గమ్మునుండు!" అని అమ్మ లోపలినుంచి అరిచేది.

తఖ్తు బల్ల మీద కూర్చున్న బేగమమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఏడాదిలో ఆ రెండు రోజులు తన ఇంట్లో మొగుడూ పెళ్లాల గొడవ వినపడుతుందని ఆమెకు సంబరం.

ఆమె సన్నగా, చిన్నగా ఉండేది. నేను మొదటిసారి చూసినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. రాణి అంటే కిరీటం ఉంటుందనుకుని పోయాను. వెలిసిపోయిన ఆకుపచ్చ కుర్తా, చేతికి రెండు గాజులు, పక్కన ఆకుల పెట్టె. దూది రేణువులు గాలిలో లేచి ఆమె వెంట్రుకల మీద వాలుతుంటే తుడుచుకోలేదు. నన్ను దగ్గరికి పిలిచి, "నీకు ఎన్ని పండ్లు ఊడినాయి?" అని అడిగింది. నోరు తెరిచి చూపించాను. లెక్కపెట్టి, "శానా బాగుండాది" అంది. పళ్లూడితే బాగుండటం ఏమిటో నాకు అర్థం కాలేదు గాని ఆ మాటకు పొంగిపోయాను.

వీధిలో బిడ్డ పుడితే నలభైరోజుల తర్వాత తెచ్చి ఆమెకు చూపించేవాళ్లు. కొత్తగా కాసిన సీతాఫలం ఒకటి, కొత్త జొన్నలు దోసెడు ముందు అక్కడికి పోయేవి. తోడికోడళ్లు ఇద్దరు ఒక మేక కోసం జుట్లు పట్టుకుంటే వాళ్లను కూడా అక్కడికే తోలారు. సాయంత్రానికి ఇద్దరూ మాట్లాడుకుంటూ వచ్చారు.

"ఏం తీర్పు చెప్పిందంట మీ రాణి?" అని నాయన అమ్మను అడిగాడు.

"ఏం చెప్పలేదంట. ఇద్దరు చెప్పింది ఇని, ఇద్దరికీ ఆకూవక్కా ఇచ్చిందంట."

"ఇదేనా తీర్పు?"

"కొట్లాట ఆగింది గదా!"

నాయనకు ఇదంతా వేళాకోళం. ఆయన బజారులో మీటింగులు వినేవాడు, పత్రిక చదివించుకునేవాడు. "రాజులు పోయిరి. దొరలు కూడా పోతారంటాండారు. ఇంగ ఈమె ఎవరికి బేగం?" అనేవాడు. "ఆమె చెప్తే వాన పడుతుందా? ఆమె ల్యాకపోతే మనకు పొద్దు పొడవదా?"

అమ్మ గరిటె పళ్లెం మీద కొడుతూ అన్నం గట్టిగా వడ్డించేది.

నాయన ఎన్ని అన్నా, ఒక్క సంగతిలో మాత్రం మహలు లేకుండా మా వీధికి జరిగేది కాదు. వీధిలో ఏ ఆడపిల్లకు పెళ్లి కుదిరినా మహలు నుంచి ఒక చిన్న పరుపు వచ్చేది. మూరన్నర వెడల్పు, ఎర్రగుడ్డ గలీబు, నాలుగు మూలలా కుచ్చులు. నలుగు పెట్టేటప్పుడు పెళ్లికూతురిని దాని మీద కూర్చోబెట్టేవాళ్లు. తర్వాత అది ఆ పిల్లదే, అత్తగారింటికి పట్టుకుపోయేది. సాలెవాళ్లకు, కుమ్మరివాళ్లకు, మాకు, గుడిసెల్లో ఉండి ఇళ్లు కట్టే కిరస్తానీ బేల్దారివాళ్లకు, అందరికీ ఒకే రకం, ఒకే కొలత. మహలుకు పత్తి పొలాలున్న రోజుల్లో మొదలైన ఆచారమట. మా కాలానికి నంద్యాల వైపు ఎక్కడో ఒక చెలక మిగిలింది. కోతలయ్యాక ఎద్దుల బండి మీద ఒక దూది మూట వచ్చేది. దాన్ని ఏకి పరుపు కుట్టేది అమ్మే.

నాకు పదకొండేళ్లప్పుడు వానలు లేవు. కోసిగి వైపు జనం మూటలు నెత్తిన పెట్టుకుని, పిల్లలను చంకనేసుకుని, మా ఊరి మీదుగా కూలికి పోతుండేవాళ్లు. ఆ ఏడు బండి రాలేదు. వానల్లేక రాలేదనుకున్నాం. చెలక చేతులు మారిందని, ఇక ఎప్పటికీ రాదని తర్వాత తెలిసింది.

ఆ ఏడే బేల్దారివాళ్ల పిల్లకు పెళ్లి కుదిరింది. పిల్ల తల్లి మహలుకు పోయి చెప్పి వచ్చింది. మర్నాడు మాకు కబురు. అమ్మతోపాటు నేనూ పోయాను.

"దూది యాడుండాది బేగమమ్మా?" అని అమ్మ అడిగింది.

"లోపలి గదిలో చుట్టాల పరుపులుండాయి గదా. ఒకటి విప్పు."

అమ్మ కదల్లేదు. "అవి చుట్టాలకు గదమ్మా."

"ఏ చుట్టాలు? వాళ్లు వచ్చి ఎన్నేండ్లయ్యె? ఎలకలు పండుకుంటాండాయి వాటి మీద. విప్పు."

అమ్మ విప్పింది. లోపల దూది అట్టలు అట్టలుగా గట్టిపడి ఉంది. ఆ రోజు అమ్మ మామూలు కంటే రెండింతలు సేపు ఏకింది. అంతా అయ్యాక బేగమమ్మ అమ్మను దగ్గరికి పిలిచింది.

"ఈ మాట తెర దాటకూడదు."

"దాటదు తల్లీ."

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు కూడా, బేటీ."

నేను తల ఊపాను. ఒక రాణి నాకు రహస్యం అప్పగించిందని ఆ పూట నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. అది ఎంత బరువైన రహస్యమో తెలియడానికి కొన్నేళ్లు పట్టింది.

ఏటికి రెండు పెళ్లిళ్లో మూడు పెళ్లిళ్లో అయ్యేవి. చుట్టాల పరుపులు ఒక్కొక్కటే తరిగిపోయాయి. ఆ తర్వాత దిండ్లు. ఆ తర్వాత గోడవారగా వేసుండే ఆనుడు మెత్తలు. గది బోసిపోయి, మాట్లాడితే మాట తిరిగి వినపడేది. బేగమమ్మ దూది కొని తెప్పిస్తోందనుకున్నారు వీధిలో, మా నాయన కూడా. "మహలు పరుపు మెత్తదనమే వేరు" అని ఆడవాళ్లు చెప్పుకుంటుంటే నేను అమ్మ ముఖం చూసేదాన్ని. అమ్మ ఎటో చూసేది.

తెలిసిపోయింది నాయనకు. కుమ్మరివాళ్ల ఇంట్లో నలుగు అయ్యాక పరుపు ఎత్తి పక్కన పెట్టడానికి ఆయన చెయ్యి వేశాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. అరచేత్తో ఒకసారి నొక్కి, వదిలి, మళ్లీ నొక్కాడు. జీవితమంతా దూదిలో గడిపిన చెయ్యి అది.

ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని, "ఆ దూది కొత్తది గాదు" అన్నాడు.

అమ్మ పొయ్యి దగ్గర వంగి ఊదుతోంది.

"పోగు పొట్టిదయిపోయింది. ఎన్నిసార్లు ఏకినారో. అది మా అమ్మ నింపిన దూది. లోపలి గది పరుపుల్లోది."

అమ్మ ఊదుతూనే ఉంది. పొయ్యి ఎప్పుడో అంటుకుంది.

"ఎన్నాళ్లనుంచి?" అని అడిగాడు.

"నన్ను అడగొద్దు. నేను మాట ఇచ్చినా."

నాయన అన్నం తిని చెయ్యి కడుక్కున్నాడు. ఆ రోజునుంచి మహలు గురించి ఆయన వేళాకోళం నేను వినలేదు. మీటింగులకు పోవడం మానలేదు. పోతూ ఆ గోనెపట్టా తెర ముందునుంచి నడిచేటప్పుడు మాత్రం భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకునేవాడు. ఎందుకలా అని అడిగితే, "ఉక్కగా ఉండాది" అనేవాడు.

నాకు పదహారేళ్లకు పెళ్లి కుదిరింది. కడపలో మా వాళ్లే, పరుపుల అంగడి ఉన్నవాళ్లు. అమ్మ మహలుకు పోయి చెప్పి వచ్చింది. వచ్చినప్పటినుంచి ఏదోలా ఉంది. నాకు అడగనక్కరలేదు. ఆ ఇంట్లో ఇక మిగిలింది ఒకే ఒక్క పరుపు. అది బేగమమ్మ పడుకునేది.

మర్నాడు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా పోయాను. తెర తొలగించి లోపలికి అడుగు పెట్టేసరికి ఆమె తఖ్తు మీద కూర్చుని ఆకు ఈనెలు తీస్తోంది.

"రావే పెళ్లికూతురా! కడప ఎండలకు తట్టుకుంటావా? ఈడ ఎండ తెలుసు, ఆడ ఎండ తెలవదు నీకు."

నేను దారంతా అనుకుంటూ వచ్చిన మాట ఒక్కసారిగా అనేశాను. "బేగమమ్మా, నాకు పరుపు వద్దు."

ఆమె చెయ్యి ఆగింది. "ఏమి?"

"మా అత్తగారివాళ్లకు పరుపుల అంగడే ఉండాది. నాకేం తక్కువ? వద్దు."

"సాలెవాళ్ల పిల్లకు ఇచ్చినా. బేల్దారోళ్ల పిల్లకు ఇచ్చినా. నా ఇంట్లో దూది ఏకినదాని బిడ్డకు పనికిరాదా నా పరుపు?"

ఆ గొంతులో కోపం నేను ఎప్పుడూ వినలేదు. నాకు ఏడుపు వచ్చేసింది. "నువ్వు దేని మీద పండుకుంటావు మరి?" అన్నాను. "చలికాలం ఈ బండల మీద పండుకుంటావా? నాకు తెలుసు గదా. చిన్నప్పట్నుంచి నాకు తెలుసు గదా!"

లోపల పనిచేసే ముసలామె గడప దగ్గరికి వచ్చి నిలబడింది. బేగమమ్మ చేత్తో సైగ చేసి ఆమెను పంపేసింది. ఆకును మడిచి పెట్టెలో పెట్టింది. తర్వాత నన్ను తన పక్కన కూర్చోమంది. ఆ తఖ్తు మీద కూర్చోవడం నాకు అదే మొదలు.

"ఇని ఏడువు" అంది. "నేను ఏ రాజ్యం ఏలినా? నేను కోడలుగా వచ్చేనాటికే ఈ ఇంట్లో ఏమీ ల్యాకపాయె. గుర్రాలు ల్యావు, నౌకర్లు ల్యారు. మా అత్త పోతా పోతా నా చెయ్యి పట్టుకుని, పరుపు మాత్రం ఆపొద్దు అనె. నగలు పోనీ అనె. తలుపు పోనీ అనె. ఇంగ నాకు బేగమమ్మ అని పేరు యాడినుంచి వచ్చె? నువ్వు, మీ అమ్మ, ఆ కుమ్మరామె అంటాండారు గాబట్టి వచ్చె. మీరు తీసుకుంటేనే గదా నేను ఇచ్చేది."

నేను ముక్కు తుడుచుకున్నాను.

"నువ్వు వద్దంటే," అంది, ఈసారి మెల్లగా, "నేను ఒక ముసల్దాన్ని. అంతే."

వంగి ఆమె కాళ్లు పట్టుకున్నాను. "ఇయ్యి తల్లీ" అన్నాను. ఆమె నా తల మీద చెయ్యి పెట్టి, వెంటనే, "కుచ్చులు ఏ రంగువి కావల్ల?" అని అడిగింది. పసుపుపచ్చవి అన్నాను.

ఇంటికి పోయి అమ్మా నాయనలకు మొత్తం చెప్పాను. ఇక దాచడానికి ఏముంది? నాయన అంతా విని, లేచి, అటక మీదినుంచి ఒక మూట దించాడు. అత్తగారింటికి ఇచ్చే నా పెద్దపరుపు కోసమని ఆదోని నుంచి తెచ్చి దాచిన మంచి దూది అది. మెత్తగా, తెల్లగా ఉంది.

"ఇది ఆమెకు ఇస్తే తీసుకోదు" అంది అమ్మ. "తప్పు పడుతుంది."

"ఇచ్చేది ఎవరు?" అన్నాడు నాయన. "నువ్వు దూది ఏకను పోతాండావు. అంతే."

ఆ రోజు అమ్మ మహలుకు పోయినప్పుడు సంచి మామూలు కంటే ఉబ్బి ఉంది. బేగమమ్మ పరుపు విప్పి ఏకడం మొదలుపెట్టింది. నాయన అరుగు మీద కూర్చుని, మామూలుగానే నారి గురించి ఏదో ఒకటి అరుస్తూనే ఉన్నాడు. మధ్యాహ్నం బేగమమ్మ నమాజుకు లేచి పక్కగదిలోకి పోయింది. అంతసేపట్లో అమ్మా నేనూ సంచి దూదిని ఆ పాత దూదిలో కలిపేశాం. పాతదాంట్లోనుంచి నా పరుపుకు సరిపడా ముందే తీసి పక్కన పెట్టాం.  

సాయంత్రానికి ఆమె పరుపు కుట్టి తఖ్తు మీద పరిచాం. బేగమమ్మ వచ్చి దాని మీద కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే కాస్త కిందికి దిగిపోయి, ఆగింది. రెండు చేతులతో అటూ ఇటూ నొక్కి చూసింది. మా ఇద్దరి ముఖాలు చూసింది. తర్వాత లేచి తెర దగ్గరికి నడిచింది. ఆమె మా నాయనతో నేరుగా మాట్లాడటం నేను వినడం అదొక్కసారే.

"ఏమప్పా, బయట ఉండావా?"

నాయన దిగ్గున లేచి నిలబడిన చప్పుడు వినపడింది. "ఉండా బేగమమ్మా."

"నా పరుపులోనుంచి దూది తీసి నీ బిడ్డకు పరుపు కుడితిరి. తీసినాక పరుపు తగ్గవల్ల గదా. ఇది పోయినేటికంటే ఎత్తుగా ఉండాదేమి?"

అమ్మ గబగబా ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంది.

"బాగా ఏకితే దూది పొంగుతాది బేగమమ్మా" అన్నాడు నాయన.

"ఇంత పొంగుతుందా?"

"పొంగుతాది."

బేగమమ్మ తెర అంచు పట్టుకుని అలాగే నిలబడింది. నేను ఆమె వీపు మాత్రమే చూడగలిగాను. చివరకు, "నీ పెళ్లాం శానా బాగా ఏకుతుందప్పా. నీకంటే బాగా" అంది.

"అవును తల్లీ" అన్నాడు నాయన. నాకు తెలిసి అమ్మ పనిని ఆయన మెచ్చుకున్నది కూడా అదొక్కసారే. ఆ మాటను అమ్మ తాను చనిపోయేదాకా ఆయనకు గుర్తు చేస్తూ ఉండేది.

పసుపుపచ్చ కుచ్చుల ఎర్రపరుపు మీద నాకు నలుగు పెట్టారు. దాన్ని చుట్టి కడపకు పట్టుకుపోయాను. మా అత్త దూది మనిషే. అంగట్లో కూర్చునేది ఆమే. నా సామాను విప్పుతూ పరుపు మీద చెయ్యి వేసి, మొహం చిట్లించింది.

"ఇంత పాత దూది పెట్టినారేమి? మీ నాయన దూదేకులోడే గదా!"

మొత్తం కథ చెప్పాను. నాయన మూట సంగతి ఒక్కటి దాచాను. అత్త వింటూ వింటూ పరుపు మీదినుంచి చెయ్యి తీసేసింది. "రాణి పండుకున్న దూదా ఇది?" అని, గబగబా దాన్ని చంకలో పెట్టుకుని పక్కింటికి పోయింది. ఆ సాయంత్రం లోపల మా వీధిలో ఆడవాళ్లంతా దాన్ని తాకి చూశారు. కడపలో ఎవరికీ ఆ నవాబులు ఎవరో తెలియదు. అయినా ఒకామె తన చంటిబిడ్డను దాని మీద కాసేపు పడుకోబెట్టి తీసుకుపోయింది. అత్త నాతో మర్యాదగా మాట్లాడటం ఆ రోజునుంచి మొదలైంది.

రెండో కాన్పుకు కర్నూలు వచ్చినప్పుడు స్వరాజ్యం వచ్చింది. వీధిలో పిల్లలు కాగితం జెండాలు పట్టుకుని తిరుగుతున్నారు. నాయన ఇంటి ముందు జెండా కట్టడానికి విల్లునే కర్రగా నిలబెట్టాడు. అప్పటికే బిడ్డకు నలభైరోజులు నిండాయి, ఆ రోజే ఎత్తుకుని మహలుకు పోయాను. బేగమమ్మకు చూపు తగ్గింది. బిడ్డ మొహానికి దగ్గరగా వంగి చూసి, "మీ నాయన ముక్కు" అంది. తెర సందులోనుంచి ఆయనను చూస్తూనే ఉండేదన్నమాట.

"బయట ఏం గోల?"

"స్వరాజ్యం వచ్చింది బేగమమ్మా. ఇంగ రాజులు ఉండరంట, దొరలు ఉండరంట."

"అట్లనా" అని కాసేపు ఆలోచించింది. "అయితే నేను యాడికి పోవల్ల?"

"నువ్వు యాడికీ పోవద్దు."

అప్పుడే తెర కదిలింది. కుమ్మరివాళ్ల కోడలు తన బిడ్డను ఎత్తుకుని వచ్చి, నా వెనక కూర్చుని, నా వంతు అయ్యేదాకా ఉంటానన్నట్టు సర్దుకుంది. బేగమమ్మ ఆకుల పెట్టె కోసం చేత్తో తడుముతోంది. నేను తీసి అందించాను.

ఆ చలికాలంలోనే ఆమె పోయింది. నేను కడపలో ఉన్నాను. నాయన రాయించిన ఉత్తరం నాలుగు రోజులకు వచ్చింది. వీధి వీధంతా వెంట నడిచిందని, మగవాళ్లందరూ మోయడానికి పోటీపడ్డారని, తానూ భుజం పట్టానని రాయించాడు. ఉత్తరం చదివించుకుని అంగట్లో కూర్చుని ఏడుస్తుంటే బేరానికి వచ్చిన ఒకామె, "ఎవరమ్మా, చుట్టాలా?" అని అడిగింది. కొంగుతో కళ్లు తుడుచుకున్నాను.

"మా వీధామె" అన్నాను.